నడుము, పొట్ట కండరాల కోసం ఇంట్లో వ్యాయామ సామాన్లు: ఏది కొనాలి, ఏది వద్దు

ఇంట్లో చేసుకునే వ్యాయామం కోసం అమ్మే సామాన్లలో ఎక్కువ హడావుడి పొట్ట చుట్టూనే ఉంటుంది. చక్రం, బంతి, బెంచీ, బెల్టు, నిలబడి తిరిగే పళ్లెం... ఫోన్ తెరిస్తే చాలు, ఏదో ఒకటి ఎదురవుతుంది. ధరలు వందల్లో మొదలై వేలల్లోకి పోతాయి. కొన్న ఇళ్లలో చాలావాటి గతి ఒకటే. రెండు వారాలు హాల్లో, ఆ తర్వాత మంచం కింద. డబ్బు పోవడం ఒక నష్టం. నడుము నొప్పి ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఆపరేషన్‌తో కాన్పు అయిన ఆడవాళ్లు తమకు సరిపడని సాధనం వాడితే జరిగేది వేరే నష్టం. అది డబ్బులు వాపసు తీసుకుంటే తీరేది కాదు.

కోర్ అంటే పొట్ట ఒక్కటే కాదు

జిమ్‌లలో 'కోర్' అని పిలిచేది మొండెం మధ్యభాగాన్ని పట్టి ఉంచే కండరాల గుంపును. ముందువైపు నిలువుగా ఉండేది రెక్టస్ అబ్డామినిస్. కుర్రాళ్లు 'సిక్స్ ప్యాక్' అని అద్దంలో చూసుకునేది దీన్నే. పక్కల ఏటవాలుగా రెండు పొరల్లో ఆబ్లిక్స్ ఉంటాయి. వీటన్నిటి కింద, నడుముకు పటకా చుట్టినట్టు అడ్డంగా ఉండే కండరం ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. వెనకవైపు వెన్నుపూసలను పట్టుకుని మల్టిఫిడస్, ఎరెక్టర్ స్పైనీ ఉంటాయి. పైన మూత లాగా శ్వాసకు పనికొచ్చే డయాఫ్రమ్, కింద అడుగు లాగా కటి కండరాలు. మొత్తం కలిపి ఒక డబ్బా అనుకోవచ్చు. డబ్బాలో ఒక్క ముందు గోడనే గట్టి చేస్తే మిగతా వైపులు వదులుగానే ఉంటాయి.

ఈ డబ్బా అసలు పని నడుమును పదేపదే వంచడం కాదు. వంగకూడని చోట వంగకుండా ఆపడం. నీళ్ల బకెట్ ఒక చేత్తో మోస్తున్నప్పుడు ఒళ్లు ఆ పక్కకు ఒరగకుండా చూసేది ఇదే. పిల్లాడిని చంకలో వేసుకుని వంట చేసే తల్లికి, గ్యాస్ బండ జరిపేవాళ్లకు, సజ్దా నుంచి చేతి ఆసరా లేకుండా లేవాలనుకునే పెద్దవాళ్లకు కావలసింది ఈ బలమే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాల పాటు పరిశోధించిన స్టూవర్ట్ మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. నడుము కింద చేతులు పెట్టుకుని తల, భుజాలు కొద్దిగా మాత్రమే లేపే కర్ల్ అప్, మోచేయి మీద పక్కకు ఆనుకునే సైడ్ ప్లాంక్, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచే బర్డ్ డాగ్. ఒక్కో భంగిమలో సుమారు 10 సెకన్లు ఆగి, మళ్లీ చెయ్యడమే. ఈ మూడిటికీ కావలసింది ఒక చాప.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. పొట్ట కండరానికి పని చెబితే ఆ కండరం గట్టిపడుతుంది కానీ దాని మీద ఉన్న కొవ్వు అక్కడికక్కడే కరగదు. కొవ్వు తగ్గితే ఒళ్లంతా తగ్గుతుంది. అది తిండి, నడక, నిద్రల లెక్క. దక్షిణాసియా వాళ్లకు నడుము చుట్టుకొలత మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని వైద్యులు చూస్తారు. ఆ లెక్కన ఇంట్లో అన్నిటికన్నా చవకైన, నిజం చెప్పే సాధనం దర్జీ టేపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడక లాంటిది ఉండాలి. దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. కోర్ సాధనాలు పనికొచ్చేది ఈ రెండో దానికి.

తక్కువ ఖర్చువి ముందు

చాప విషయంలో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. టైల్స్ మీద జంపఖానా జారుతుంది, అందుకే రబ్బరు అడుగున్న మ్యాట్ మంచిది. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కొంచెం మందంది తీసుకోవాలి.

రబ్బరు బ్యాండ్లు మాత్రం పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తాయి. కొన్ని వందల రూపాయల్లో రెండు మూడు బిగువుల సెట్ వస్తుంది, డ్రాయర్‌లో పట్టేస్తుంది. వీటితో చెయ్యదగ్గ మంచి వ్యాయామం పాలోఫ్ ప్రెస్. బ్యాండ్‌ను ఛాతీ ఎత్తులో కిటికీ ఊచకు గట్టిగా తగిలించి, కిటికీకి పక్కగా నిలబడాలి. బ్యాండ్ కొసను రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని మెల్లగా ముందుకు చాచాలి. బ్యాండ్ ఒంటిని కిటికీ వైపు తిప్పాలని చూస్తుంది, మనిషి తిరగకుండా నిలబడాలి. బయటికి చూసేవాళ్లకు ఏమీ చేస్తున్నట్టు కనిపించదు, లోపల మాత్రం పక్క కండరాలన్నీ బిగుసుకుంటాయి. నిలబడే చెయ్యొచ్చు కాబట్టి నేల మీద పడుకుని లేవలేని వాళ్లకూ వీలవుతుంది. రబ్బరు ఎండకు, పాతబడి పగుళ్లిస్తుంది. సాగదీసినప్పుడు తెగి ముఖానికి కొడితే కంటికి ప్రమాదం. వాడే ముందు ప్రతిసారీ ఒకసారి సాగదీసి చూసుకోవాలి.

పెద్ద గాలి బంతి కథ కొంచెం తమాషాగా ఉంటుంది. దీన్ని 1963లో తయారుచేసింది ఇటలీకి చెందిన ప్లాస్టిక్ తయారీదారు అక్విలినో కొసాని. స్విట్జర్లాండ్‌లో ఫిజియోథెరపిస్టులు దాన్ని చికిత్సకు వాడడం మొదలుపెట్టారు. అక్కడ చూసిన అమెరికన్లు 'స్విస్ బాల్' అని పేరు పెట్టేశారు. కొనేటప్పుడు రంగు కాదు, సైజు చూడాలి. బంతి మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. మన దగ్గర సగటు ఎత్తున్న ఆడవాళ్లకు 55 సెంటీమీటర్ల బంతి, పొడుగు మగవాళ్లకు 65 సెంటీమీటర్లది సాధారణంగా సరిపోతాయి. 'యాంటీ బర్స్ట్' రకం తీసుకోవాలి. అది చిల్లుపడినా ఒక్కసారిగా పేలకుండా మెల్లగా గాలి దిగుతుంది. మోచేతులు బంతి మీద ఆనించి ప్లాంక్ చెయ్యడం దీనితో బాగా పనికొచ్చే వ్యాయామం. తూలి పడే భయం ఉన్న పెద్దవాళ్లు, పాకే పిల్లలు తిరిగే ఇల్లు అయితే బంతి జోలికి వెళ్లకపోవడమే మేలు.

చక్రం: మంచిదే, కానీ అందరికీ కాదు

అబ్ వీల్ అని అమ్మే చిన్న చక్రానికి అటూ ఇటూ రెండు పిడులు ఉంటాయి. చూడటానికి ఆటబొమ్మలా ఉంటుంది, ధర కూడా కొన్ని వందలే. అందుకే చాలామంది తేలికగా తీసుకుంటారు. నిజానికి ఇంటి సాధనాల్లో ఇంత కఠినమైనది ఇంకోటి లేదనే చెప్పాలి. మోకాళ్ల మీద ఉండి చక్రాన్ని ముందుకు దొర్లిస్తుంటే ఒంటి బరువంతా చేతులకూ మోకాళ్లకూ మధ్య వంతెనలా వేలాడుతుంది. ఆ వంతెన మధ్యలో కుంగకుండా పట్టుకోవడమే వ్యాయామం. పొట్ట కండరాలు చాలకపోతే నడుము కిందికి జారి, భారమంతా వెన్నుపూసల కీళ్ల మీద పడుతుంది. మర్నాడు నడుము పట్టేసిందనేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే.

ముందుగా ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. మోచేతుల మీద ప్లాంక్ నడుము కుంగకుండా ఒక నిమిషం నిలబడగలిగితే చక్రం మొదలుపెట్టొచ్చు. లేకపోతే కొన్ని వారాలు ప్లాంక్‌తోనే గడపాలి. మొదలుపెట్టేటప్పుడు గోడకు రెండు అడుగుల దూరంలో మోకాళ్ల కింద మెత్తటి గుడ్డ వేసుకుని, గోడ వైపు దొర్లించాలి. చక్రం గోడకు తగిలి ఆగిపోతుంది, అదుపు తప్పే పని ఉండదు. బలం పెరిగే కొద్దీ గోడకు మెల్లమెల్లగా దూరం జరగాలి. పిరుదులు బిగించి, ఊపిరి బిగబట్టకుండా ముందుకు పోతూ వదలాలి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరి బిగబట్టడం అసలు మంచిది కాదు. మొదటి రోజుల్లో 5 సార్లు చాలు. భుజం నొప్పి, డిస్క్ సమస్య, హెర్నియా ఉన్నవాళ్లకు ఈ చక్రం వద్దు.

డబ్బులు దండగయ్యేవి

వంపు బెంచీలు, పొట్ట మడిచే యంత్రాలు వేలల్లో ఉంటాయి, గదిలో సగం ఆక్రమిస్తాయి, చేయించేది మాత్రం ఒకే ఒక్క పని: నడుమును మళ్లీ మళ్లీ వంచడం. డిస్క్ నొప్పి ఉన్నవాళ్లకు అదే కీడు. అమెరికా సైన్యం కూడా 2022 నుంచి తన శారీరక పరీక్షలో పొట్ట బలానికి ప్లాంక్‌నే పెట్టుకుంది. నిలబడి గిరగిరా తిరిగే పళ్లెం వల్ల కాస్త సరదా తప్ప పెద్దగా ఒరిగేది లేదు. చెమట పట్టించే బెల్టుతో తగ్గేది నీళ్లు, రెండు గ్లాసులు తాగగానే తిరిగొస్తుంది.

కరెంటు బెల్టుల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నడవలేని పెద్దవాళ్లకు, టైం లేదనే ఉద్యోగులకు వీటినే చూపిస్తారు. చిన్న విద్యుత్ ప్రవాహంతో కండరం అదురుతుంది, అది నిజమే. ఫిజియోథెరపీలో ఈ పద్ధతి వాడుకలో ఉంది. కూర్చున్న చోటే పొట్ట కరిగిపోతుందన్న మాటే అబద్ధం. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో అబ్‌ట్రానిక్, అబ్ ఎనర్జైజర్, ఫాస్ట్ అబ్స్ అనే మూడు బెల్టుల అమ్మకందార్ల మీద తప్పుడు ప్రకటనల కేసులు వేసింది. పదేళ్ల తర్వాత, 2012లో, అబ్ సర్కిల్ ప్రో అనే యంత్రం వంతు వచ్చింది. రోజుకు 3 నిమిషాలు చేస్తే 100 సిటప్‌లతో సమానమని, రెండు వారాల్లో 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు తగ్గుతారని దాని ప్రకటన. కేసు సర్దుబాటులో కొన్నవాళ్లకు 2.5 కోట్ల డాలర్ల దాకా వాపసు ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ అదే మాటలు వేరే పేర్లతో వినిపిస్తూనే ఉన్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ బెల్టులు పెట్టుకోకూడదు.

కొత్తవి ఇన్ని ఉన్నా, మన తాలీంఖానాల్లో తిప్పే చెక్క ముగ్దర్‌కు సాటి వచ్చేవి తక్కువ. భుజం చుట్టూ బరువు తిరుగుతుంటే ఒంటిని నిటారుగా నిలపడానికి నడుము ప్రతి క్షణం పనిచెయ్యాలి. దండీలు, బస్కీలు కూడా అంతే. ఇక్కడి ముగ్దర్‌లు చూసిన బ్రిటిష్ సైనికాధికారులు 19వ శతాబ్దంలో వాటిని 'ఇండియన్ క్లబ్స్' పేరుతో తమ దేశానికి తీసుకెళ్లారు. 1904, 1932 ఒలింపిక్స్‌లో క్లబ్ తిప్పే పోటీ కూడా పెట్టారు. ఇంట్లో అయితే ఒకటి రెండు కిలోలతో, పైకప్పు ఫ్యాను చూసుకుని మొదలుపెట్టాలి.

కాన్పు తర్వాత

తెలంగాణలో ఈ సంగతి ప్రతి ఇంటికీ అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఇక్కడ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. చిల్లా నలభై రోజులు నిండగానే 'పొట్ట లోపలికి పోవాలి' అన్న ఒత్తిడి మొదలవుతుంది. అత్తగారో, ఖాలానో, ఫోన్‌లో వీడియోనో, ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అప్పుడు కొనేది చాలాసార్లు బిగుతు బెల్టు, లేదంటే సిటప్ బెంచీ.

సిజేరియన్‌లో కండరాలను సాధారణంగా కొయ్యరు, పక్కలకు జరుపుతారు. వాటిని కప్పి ఉండే గట్టి పొరను మాత్రం కోసి కుడతారు. ఆ పొర మానడానికి నెలలు పడుతుంది. పైగా గర్భంలో పొట్ట సాగినప్పుడు ముందు కండరం మధ్య గీత వెంట రెండు పాయలుగా విడిపోతుంది. మామూలు కాన్పు అయినా ఇది ఉంటుంది. తెలుసుకోవడం తేలికే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొంచెం లేపి, బొడ్డు పైన వేళ్లు పెట్టి చూడాలి. రెండు వేళ్లకు మించిన సందు తగిలినా, పొట్ట మధ్యలో గుట్టలా ఉబ్బినా సిటప్‌లు, చక్రం, ప్లాంక్ పక్కన పెట్టి డాక్టర్‌కో ఫిజియోథెరపిస్ట్‌కో చూపించాలి. బెల్టు కుట్ల దగ్గర ఆసరాగా ఉండి నొప్పి తగ్గిస్తుందేమో కానీ కండరానికి బలం తేదు. పొద్దస్తమానం బెల్టు మీదే ఆధారపడితే కండరానికి పని ఉండదు. డాక్టర్ సరే అన్నాక మెల్లగా నడక, కడుపుతో లోతైన శ్వాస, మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాలను బిగించి వదలడం మొదలుపెట్టొచ్చు. వీటికి ఏ సామానూ అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల చెకప్ తర్వాతే, అదీ అడిగి, మిగతావి. దగ్గినప్పుడో తుమ్మినప్పుడో మూత్రం జారుతుంటే సిగ్గుపడి దాచుకోకుండా చెప్పాలి. చికిత్స ఉంది.

రోజులో ఎప్పుడు, ఎంతసేపు

వారంలో మూడు రోజులు, పదిహేను నిమిషాలు చాలు. పొద్దున మంచం దిగగానే బాగా వంగే వ్యాయామాలు చెయ్యకూడదు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్‌లు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటాయి, అందుకే ఒక అరగంటైనా గడవాలి. ఫజర్ తర్వాత చేసేవాళ్లు కాసేపు నడిచి మొదలుపెడితే సరిపోతుంది. రంజాన్‌లో ఇఫ్తార్‌కు కొంచెం ముందు తేలికపాటివి, లేదంటే ఇఫ్తార్ అరిగాక చెయ్యొచ్చు. దస్తర్‌ఖాన్ ముందు నుంచి లేవగానే మాత్రం వద్దు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఉపవాసంలో వ్యాయామం సంగతి ముందే డాక్టర్‌ను అడగాలి.

చేస్తున్నప్పుడు కండరం మండటం మామూలే. నొప్పి నడుము నుంచి కాలి కిందికి పాకినా, కాలు తిమ్మిరెక్కినా, గజ్జల్లో గడ్డలా పొడుచుకొచ్చినా అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మల మూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు, అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి.