తెర నుంచి పత్రానికి: అరకు కొండభాషల లిపిరూపం - ఒక సాంకేతిక చరిత్ర

కంప్యూటరు తెరపై కనిపించేదంతా పత్రంలోకి యథాతథంగా రాదు. మీటలు, ఎంపిక జాబితాలు ముద్రణకు అనవసరం కనుక తొలగిపోతాయి, అక్షరం నిలుస్తుంది. అది ఏ రూపంలో నిలవాలన్నది మార్పిడి నియమాలు రాసినవారి నిర్ణయం. తెలుగు విషయంలో ఇది ఎక్కువగా సౌకర్యానికి సంబంధించిన అంశం. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు ప్రాంతంలో వినిపించే కొండ (కూబి), కువి భాషల విషయంలో మాత్రం వర్ణాల ఉనికే దీనిపై ఆధారపడి ఉంది.

ఈ సమస్య కంప్యూటరుతో పుట్టలేదు. పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి సవరలకు వాచకాలు కూర్చినప్పుడు తెలుగు లిపిని వాడారు; 1931లో వెలువడిన సవర భాషా బోధిని, 1938లో వెలువడిన సవర-ఇంగ్లీషు నిఘంటువు మాత్రం రోమన్ లిపిలో ఉన్నాయి. బడి పిల్లవాడికి ఒక రూపం, పండితుడికి మరొక రూపం. ఈ రెంటి నడుమ 1936లో మంగై గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఒకే మాట ఏ పత్రంలోకి వెళ్తుందో దానినిబట్టి వేషం మార్చుకోవడం అప్పటికే మొదలైంది.

కొండ భాష విషయం మరింత సున్నితమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ప్రకటించిన వర్ణనాత్మక గ్రంథం ఈ భాషలో రేఫకు భిన్నమైన కంపిత వర్ణం సజీవంగా ఉందని నిరూపించింది. మూల ద్రావిడ దంతమూలీయ స్పర్శానికి అది వారసురాలు. తెలుగు వాడుకలో శకటరేఫం (ఱ) రేఫలో కలిసిపోయి శతాబ్దాలు గడిచాయి; కొండదొరల నోట ఆ భేదం నేటికీ అర్థభేదకమే. దీనికి తోడు కొండ, కువి రెంటిలోనూ కంఠమూలీయ స్పర్శం ఉంది. దానికి తెలుగు వర్ణమాలలో అక్షరమే లేదు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషాధారిత బహుభాషా విద్య మొదలై కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. ఆనాటి తెలుగు డి.టి.పి. రంగాన్ని ఏలినవి అను, శ్రీలిపి వంటి ఖతులు. వాటిలో తెలుగు అక్షరపు ముక్కలు లాటిన్ సంకేతాల స్థానాల్లో కూర్చుంటాయి. అలాంటి ఫైలును పి.డి.ఎఫ్.గా మారిస్తే కంటికి తెలుగే కనిపిస్తుంది. అందులోని వాక్యాన్ని నకలు చేస్తే అర్థంలేని లాటిన్ గుర్తులు బయటపడతాయి. 1993లో అడోబీ సంస్థ తెచ్చిన ఈ పత్రరూపం ప్రధానంగా అక్షరాకృతులను, వాటి స్థానాలను భద్రపరుస్తుంది. ఏ ఆకృతి ఏ వర్ణానికి చెందినదో తెలిపే పట్టికను విడిగా జతచేయాలి. అది లేని పత్రం భాషాపరిశోధకుడికి ఫోటోతో సమానం.

యూనికోడ్ ఈ చిక్కును చాలావరకు తీర్చింది, పూర్తిగా కాదు. కంఠమూలీయ స్పర్శానికి ఏకోద్ధరణ చిహ్నాన్ని (') వాడితే వర్డ్ ప్రాసెసర్లు దానిని కొటేషన్‌గా భావించి వంపు తిప్పుతాయి. మాట మొదట్లో ఒక వంపు, చివర మరొక వంపు. ఒకే వర్ణం రెండు గుర్తులవుతుంది. పైగా అది విరామచిహ్నం కావడంతో శోధనలో, అకారాదిక్రమంలో మాట రెండుగా తెగవచ్చు. యూనికోడ్‌లో అక్షరస్వభావం గల ప్రత్యేక ఉద్ధరణ చిహ్నం (02బిసి) ఉంది. దానిని ఎంచుకుంటే మాట తెగదు. కాని ఆ గుర్తు లేని తెలుగు ఖతిలో మరో ఖతి నుంచి అరువు తెచ్చిన ఆకృతి, పొంతన లేని ఎత్తులో, పత్రంలోకి చేరుతుంది. ఖతిలో ఈ గుర్తును చేర్చడం, వంపు తిప్పే స్వయంచాలక సవరణను ఆపడం, ఖతిని పత్రంలోనే పొదగడం - ఈ మూడూ జరగాలి.

శకటరేఫానికి యూనికోడ్ స్థానం మొదటినుంచీ ఉంది. అక్కడ ప్రమాదం యంత్రం కన్నా మనిషి వల్లే ఎక్కువ: తెలుగుకు అలవాటు పడిన ప్రూఫ్‌రీడరు కొండ మాటలోని ఱను పాత వర్ణక్రమంగా భావించి రగా దిద్దితే, పత్రం నిర్దోషంగానే కనిపిస్తుంది. సవరకు 2012లో వెలువడిన యూనికోడ్ 6.1లో సొరంగ్ సొంపెంగ్ లిపి 35 సంకేతాలతో చేరింది. తగిన ఖతి లేని కంప్యూటరులో ఆ పాఠం ఖాళీ గడులుగా కనిపించి తన లోపాన్ని తానే చాటుకుంటుంది. ఱ స్థానంలో చేరిన ర అలా చాటుకోదు.