వార్ఫరిన్ మోతాదుకు జన్యు పరీక్ష

వార్ఫరిన్ రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డి నుంచి డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చింది. 1954లో మనుషుల వైద్యానికి అనుమతి పొందింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ దీన్ని ఇచ్చారు.

ఈ మందుతో మొదటినుంచీ చిక్కు మోతాదే. ఒకరికి రోజుకు 1 మిల్లీగ్రాము సరిపోతే మరొకరికి 10 కూడా చాలదు. తక్కువైతే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే మెదడులోనో పేగుల్లోనో రక్తస్రావం కావచ్చు. అందుకే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేస్తూ, ఎక్కువమంది రోగుల్లో దాన్ని 2–3 మధ్య ఉంచేలా మోతాదు సర్దుతారు. సరైన మోతాదు తేలేందుకు వారాలు పడుతుంది. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉండేది ఆ తొలి వారాల్లోనే.

మోతాదులో ఈ తేడా వంశపారంపర్యం కావచ్చని 1964లోనే ఆధారం దొరికింది. వార్ఫరిన్ మామూలు మోతాదులో పనిచేయని ఒక కుటుంబాన్ని ఆ ఏడాది అమెరికా వైద్యులు వర్ణించారు. మందును కాలేయంలో విచ్ఛిన్నం చేసే ఎంజైము సీవైపీ2సీ9 అని 1990లలో తేలింది. దాని జన్యువులో కొన్ని మార్పులున్నవారికి తక్కువ మోతాదు చాలునని, వారిలో రక్తస్రావం ఎక్కువని 1999లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు చూపారు. వార్ఫరిన్ అడ్డుకునే ఎంజైముకు చెందిన వీకేఓఆర్‌సీ1 జన్యువును 2004లో జర్మనీ, అమెరికా బృందాలు విడివిడిగా గుర్తించాయి. మోతాదు తేడాల్లో దాదాపు పావు వంతుకు ఈ రెండో జన్యువే కారణం.

2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వార్ఫరిన్ వివరపత్రంలో జన్యు సమాచారం చేర్చింది. 2010లో జన్యురకాల వారీగా మోతాదు పట్టిక కూడా ఇచ్చింది. రోగులకు నిజంగా మేలు జరుగుతుందా అన్నది మాత్రం 2013 దాకా గట్టిగా తేలలేదు. అప్పుడు కూడా చిక్కుముడే పడింది. యూరప్‌లో జరిగిన ఈయూ-పాక్ట్ అధ్యయనంలో జన్యు పరీక్ష చేయించుకున్నవారి ఐఎన్‌ఆర్ 67.4 శాతం సమయం సరైన హద్దుల్లో ఉంది, మిగతావారిలో 60.3 శాతమే. అమెరికాలోని కోయాగ్ అధ్యయనంలో తేడాయే కనిపించలేదు. రెండు చోట్లా పోలిక వేరు: అక్కడ పోల్చింది వయసు, బరువు వంటివి లెక్కగట్టిన మోతాదుతో. యూరప్‌లో అందరికీ ఒకేలా మొదలుపెట్టే మోతాదుతో. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. కోయాగ్‌లోని నల్లజాతి రోగులకు జన్యువులను బట్టి మోతాదు లెక్కగట్టే సూత్రం వల్ల ఐఎన్‌ఆర్ అదుపు మరింత దిగజారింది: 43.5 శాతానికి బదులు 35.2. ఆఫ్రికా సంతతిలో కనిపించే సీవైపీ2సీ9 మార్పులు ఆ సూత్రంలో లేనేలేవు. మోకాలి, తుంటి కీళ్ల మార్పిడి చేయించుకున్న వృద్ధులపై జరిపిన జిఫ్ట్ పరిశోధన 2017లో మళ్లీ పరీక్ష వైపే మొగ్గింది, దుష్ఫలితాలు 14.7 నుంచి 10.8 శాతానికి తగ్గాయి.

కోయాగ్‌లో బయటపడ్డ లోపం భారతీయులకూ వర్తిస్తుంది. తక్కువ మోతాదు కోరే వీకేఓఆర్‌సీ1 రకం చైనా, జపాన్ ప్రజల్లో అత్యధికం, భారతీయుల్లో చాలా తక్కువ. అందరినీ ‘ఆసియన్లు’ అని ఒకే గాట కట్టిన లెక్క ఇక్కడ తప్పుతుంది. హైదరాబాద్‌లోని నిమ్స్ పరిశోధకులు 2012లో స్థానిక రోగులకు తగిన సూత్రాన్ని ప్రచురించారు.

2010 తర్వాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి మందులు రావడంతో పాశ్చాత్య దేశాల్లో ఈ జన్యు పరీక్ష అవసరం తగ్గింది. వాటికి ఐఎన్‌ఆర్ చూసే పని లేదు. లోహపు గుండె కవాటాలున్నవారికి మాత్రం ఆ మందులు పనికిరావు. రుమాటిక్ గుండెజబ్బుతో గుండె లయ తప్పినవారిలో వార్ఫరిన్ వంటి పాత రకం మందులే రివరాక్సబాన్ కన్నా మెరుగని 2022లో ఇన్విక్టస్ అధ్యయనం చూపింది. ఈ రెండు వర్గాల రోగులూ భారత్‌లో ఎక్కువే. ఇక్కడ వారికి వార్ఫరిన్‌తో పాటు, దాని దగ్గరి చుట్టమైన ఎసినోకూమరాల్ కూడా విరివిగా రాస్తారు. మోతాదును ఐఎన్‌ఆర్‌ను బట్టే మారుస్తారు.