కోనసముద్రపు ఉక్కు, కమ్మరి కత్తి

అఫ్జల్‌గంజ్ వైపు నుండి మూసీనది దాటి చార్మినారుకు పోయే వారందరికీ నయాపూల్ పరిచితమే. పేరుకు అది కొత్త వంతెన. ఎగువన 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన పురానాపూల్ ఉండటం వల్ల దీనికి ఆ పేరు నిలిచిపోయింది. వంతెన దిగగానే కుడివైపున హైకోర్టు కట్టడపు గుమ్మటాలు కనిపిస్తాయి. ఎడమకు తిరిగి నదీతీరం వెంట కొంచెం నడిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో పండిత నెహ్రూ ప్రారంభించిన ఈ ప్రదర్శనశాల 1968లో ఇప్పటి భవనానికి మారింది.

అక్కడికి పోయినవారు సాధారణంగా గంటలు కొట్టే గడియారం ముందు గుమిగూడతారు. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని చూచి ఆశ్చర్యపడతారు. పచ్చరాతి వస్తువులున్న గది దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగేవారు తక్కువ. ఆ సేకరణలో రెండు చిన్న కత్తులున్నవి. ఒకటి జహంగీరు చక్రవర్తి వేటకత్తి అనీ, రెండవది నూర్జహాను పండ్లు కోసుకున్న కత్తి అనీ ప్రసిద్ధి. పిడి పచ్చరాయి, దానిలో మణులు పొదిగినారు. రాణివాసంలో పండు కోయటానికి ఇంత సొగసు కావలసివచ్చిందా అని మనకు నవ్వు రావచ్చు. కాని ఒక్క క్షణం నిలబడి ఆలోచిస్తే వేరొక ప్రశ్న పుడుతుంది. కత్తి పట్టిన చేతుల పేర్లు మనకు తెలిసినవి. కత్తి చేసిన చేతుల పేరేది?

ఆ రెండు కత్తులను ఏ ఊరి కమ్మరి సాగగొట్టాడో చెప్పే వ్రాత లేదు. అయితే అటువంటి కత్తులకు ప్రాణమైన మేలిజాతి ఉక్కు ఎక్కడ పుట్టేదో చెప్పటానికి మాత్రం సాక్ష్యాలున్నవి. ఆ సాక్ష్యాల వెంట పోతే మనం దూరదేశాలకు పోనక్కరలేదు. నిజామాబాదు జిల్లా దాకా పోతే చాలును.

క్రీస్తుశకం పదిహేడవ శతాబ్దంలో వజ్రాల వర్తకుడు టావెర్నియే గోలకొండకు పలుమార్లు వచ్చాడు. 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో, పారశీక దేశంలో నీటిచారల అందంతో మెరిసే కత్తులకు పనికివచ్చే ఉక్కు గోలకొండ రాజ్యం నుండే వస్తుందని వ్రాశాడు. చిన్న రొట్టెల వంటి ముద్దలుగా అది అమ్ముడుపోయేదట. కొనేవారు ముద్దను రెండుగా కోసి లోపలి గుణం చూచుకొనేవారట; ఒక్కొక్క సగం ఒక ఖడ్గానికి సరిపోయేదట. ఇంచుమించు అదే కాలంలో, 1667 ప్రాంతాన ఈ దారిన పోయిన థెవెనో అనే మరొక ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయి గ్రామం ప్రస్తావన తెచ్చాడు. అక్కడ కత్తులు, బాకులు, బల్లెములు విరివిగా తయారై దేశమంతటా అమ్ముడుపోతున్నవని చెప్పాడు. సమీపపు కొండల్లోనే ఇనుము దొరికేదట.

ఆ ఇందల్వాయి నేటికీ నిజామాబాదు జిల్లాలో ఉన్నది. అదే జిల్లాలో కమ్మర్‌పల్లి సమీపాన కోనసముద్రం ఉన్నది. ఊరి పేరే కమ్మర్‌పల్లి అయిన చోట ఏ వృత్తి వర్ధిల్లిందో వేరే చెప్పాలా?

కోనసముద్రంలో ఉక్కు చేసే విధానాన్ని కంటితో చూచి వ్రాసిపెట్టినవాడు డాక్టరు వాయిసీ. లాంబ్టను నాయకత్వాన జరిగిన మహా త్రికోణమితి సర్వేలో ఆయన వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు. 1824లో ఆయన మరణించగా, ఆ వ్యాసం 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలుగు చూచింది. అందులోని వివరాలు నేడు చదివినా ఆసక్తికరంగానే ఉంటవి. రెండు వేరు వేరు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును మూడుపాళ్లు ఒకటి, రెండుపాళ్లు ఒకటి చొప్పున కలిపేవారు. మట్టి మూసలలో నింపి, మూతలు బిగించి, కొలిమిలో పెట్టి, ఇరవైనాలుగు గంటలసేపు తిత్తులు ఊది మంట నిలిపేవారు. తరువాత మూసను నిదానంగా చల్లారనిచ్చి పగులగొడితే ఉక్కుముద్ద బయటపడేది. అది అప్పుడే కత్తికి పనికిరాదు, మరీ పెళుసు. దానిని మట్టిపూతతో మళ్లీ మళ్లీ కాచి మెత్తపరచాలి. అటుపైననే సుత్తి దెబ్బకు లొంగేది.

వాయిసీ చూచిన మరొక వింత, ఆ పల్లెలో మకాం వేసి ఉక్కు కొంటున్న ఒక పారశీక వర్తకుడు. ఇస్పహాను నుండి వచ్చిన ఆ పెద్దమనిషి తూకం దగ్గర, పరీక్ష దగ్గర తానే నిలబడేవాడు. తమ దేశంలో ఈ ఉక్కును చేయబూనితే కుదరలేదని అతడు చెప్పినట్లు వాయిసీ వ్రాశాడు. ఇస్పహాను ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! అంత దూరం నుండి మనిషిని రప్పించిన వస్తువు ఒక పూరిపాకలో, పేరులేని కమ్మరి చేతిలో తయారయింది.

ఇక ఆ పాకలో ఉన్న సామగ్రి ఏమిటి? రాతిలోనూ మట్టిలోనూ దొరికిన ఇనుపరజను. అడవికట్టె కాల్చిన బొగ్గు. మేకతోలు తిత్తులు. మూసకు కావలసిన మట్టి. ఆ మట్టిలో వరి ఊక కలిపేవారని కోనసముద్రంలో దొరికిన మూసముక్కలను పరిశీలించిన నేటి శాస్త్రజ్ఞులు తేల్చినారు. ఊక లోపల కాలి బొగ్గై మూసకు బలమిచ్చేది. ఎంత మంటకైనా అది కరగక నిలిచేది. మైసూరు ప్రాంతంలో ఇదే జాతి ఉక్కు చేసేవారు మూసలో ఇనుముతోపాటు తంగేడు కట్టె, పచ్చి ఆకులు వేసేవారని బుకానన్ 1807లో అచ్చయిన తన గ్రంథంలో వ్రాశాడు. బతుకమ్మలో పేర్చుకొనే తంగేడు ఖడ్గానికి కూడ పదునిచ్చిందంటే వినటానికి వింతగా లేదూ? ఆ కట్టెలోని కర్బనమే ఇనుములోకి ఇంకి దానిని ఉక్కుగా మార్చేది.

ఈ మార్పు రహస్యమంతా పాళ్లలో ఉన్నది. మెత్తని ఇనుములో కర్బనం దాదాపు లేదనే చెప్పాలి. ఈ మూస ఉక్కులో అది నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు ఉంటుంది. నిదానంగా చల్లారేటప్పుడు ఆ కర్బనం ఇనుముతో కూడి గట్టి రేణువులై లోపల నిలుస్తుంది. సుత్తి దెబ్బకు ఆ రేణువులు వరుసలు కడతాయి. ఆ వరుసలే కత్తిమీద నీటి అలలవలె కనిపించే చారలు. ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వనేడియం వంటి ధాతువులు ఆ వరుసలకు కారణమని అమెరికాలో వెర్‌హోవెన్, పెండ్రే అనే ఇద్దరు 1990ల నాటి ప్రయోగాలలో చూపినారు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు పదిహేడవ శతాబ్దపు ఒక ఖడ్గంలో అతిసూక్ష్మమైన కర్బన నాళికలను కనుగొన్నారు. మన కమ్మరికి వనేడియం పేరు తెలియదు. ఏ గుట్ట రాయి మంచిదో మాత్రం తెలుసు.

మన ‘ఉక్కు’ అన్న మాటే ఇంగ్లీషువారి నోట ‘ఊట్జ్’ అయిందని పలువురు పండితుల అభిప్రాయం. తెలుగు, కన్నడాలు రెండూ ఆ మాటను తమదని చెప్పుకోవచ్చు. 1795లో పియర్సన్ అనే వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీలో ఈ ఊట్జ్ ఉక్కును గూర్చి వ్యాసం చదివాడు. అటుపిమ్మట స్టోడర్ట్ అనే లండను కత్తుల పనివాడు దానితో శస్త్రవైద్యుల చురకత్తులు చేసి, వాటి వాదరను మెచ్చుకొన్నాడు. అతడు మైకేల్ ఫారడేతో కలిసి 1820 ప్రాంతాన ఆ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. తరువాత విద్యుచ్ఛాస్త్రంలో జగద్విఖ్యాతుడైన ఆ ఫారడే స్వయంగా ఒక కమ్మరి కొడుకు. ఇతర లోహాలు కలిపిన ఉక్కులను గూర్చిన పరిశోధనకు ఆ ప్రయోగాలు తొలిమెట్టు అయినవి.

అంతటి విద్య ఎందుకు అణగిపోయింది? తుపాకి వచ్చి ఖడ్గానికి గిరాకీ తగ్గించింది. 1856లో బెస్సెమరు కనిపెట్టిన పద్ధతితో ఉక్కు టన్నుల కొద్దీ చౌకగా దిగుమతి అయింది. అడవులకు కట్టడి వచ్చి బొగ్గు కరువైంది. కొలిమి ఒక్కొక్కటిగా చల్లారింది. తండ్రి చేయి చూచి కొడుకు నేర్చిన విద్య కనుక, ఒక్క తరం మానుకొంటే చాలు, దానిని తిరిగి చెప్పేవారు లేరు. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమూ బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థా కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలలో అన్వేషణ సాగించినవి. వారికి ఊరూరా దొరికినవి చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు. పనివారి మాట మాత్రం దొరకనిది.

ఇది చదివి, గతించినదానికి వగచి ఏమి లాభమని మీరు అడగవచ్చు. కాని కోనసముద్రపు మూస ఆరిపోయినా కమ్మరి కొలిమి పూర్తిగా ఆరిపోలేదు. కొడవలి, గొడ్డలి, కత్తిపీట చేసే చేతులు ఇంకా అక్కడక్కడ ఉన్నవి. నేడు ఆ చేతికి దొరికేది పాత బండి కమాను పట్టీ కావచ్చు. అయినా దానిని ఎర్రగా కాచి, దాగలిమీద సాగగొట్టి, రంగు చూచి నీటిలో ముంచి పదును పెట్టే నేర్పు పాతదే. ఎంత ఎరుపు వచ్చినప్పుడు ముంచాలో గడియారం చెప్పదు, కన్ను చెప్పాలి. తరువాత తోకను కాచి కొయ్యపిడిలో దించుతారు. లోపల కరిగిన లక్క పోస్తే అది బిగుసుకొంటుంది. తుమ్మకొయ్య గాని, జిట్రేగి గాని, దున్నకొమ్ము గాని చేతి వేడికి చల్లబడదు, చెమటకు జారదు. ఏండ్లు గడిచినకొద్దీ పట్టిన చేతి ఆకారమే దానికి వస్తుంది. రాణిగారి పచ్చరాతి పిడి ఎప్పటికీ రాణిగారి ముచ్చటే. కొయ్యపిడి మాత్రం ఎవరు వాడితే వారిదవుతుంది.

మా అమ్మమ్మ కత్తిపీట అటువంటిదే. మామిడికాయ కోస్తే అలుగు నల్లబడేది. పని కాగానే బూడిదతో తోమి, తుడిచి, ఆముదపు చుక్క రాచి గోడకు చేర్చేది. తడిగా వదలితే మరునాటికి చిలుము పట్టేది. 1913లో షెఫీల్డులో బ్రియర్లీ కనిపెట్టిన తుప్పుపట్టని ఉక్కు మనకు ఆ శ్రమ తప్పించింది, కాదనటం కృతఘ్నత. కాని ఆ శ్రమతోపాటు మరొకటి కూడ తప్పిపోయింది. చౌకబారు కత్తి మొద్దుబారితే మనం పారవేస్తాం. కమ్మరి కత్తి మొద్దుబారితే సానరాయిమీద నాలుగు మాట్లు గీస్తే మళ్లీ లేస్తుంది. అరిగి అరిగి సన్నబడుతుందే గాని అక్కరకు రాకపోదు. ఒక వస్తువును బాగుచేసుకొంటూ ముప్పై ఏండ్లు వాడిన ఇంటికి, దానిని చేసినవాడితో సంబంధం తెగదు.

ఈసారి నయాపూల్ దాటి సాలార్‌జంగ్ మ్యూజియంకు పోయినప్పుడు ఆ పండ్లకత్తి ముందు కొంచెంసేపు నిలబడండి. ఇంటికి వచ్చిన తరువాత మీ వంటింటి మూలను ఒకసారి వెదకండి. పిడి వదులై, చిలుము పట్టి, పెద్దవారి కత్తి ఒకటి అక్కడ పడి ఉండవచ్చు. దానిని పాత ఇనుము కొనేవాడికి వేయకండి. కమ్మరి ఉన్న ఊరికి పోయినప్పుడు తీసుకొని పోయి ఇవ్వండి. అతడు దానిని మంటలో పెడుతూ ఉండగా ఈ పని ఎవరి దగ్గర నేర్చుకొన్నావని ఒక్క మాట అడగండి. కోనసముద్రంలో ఆ మాట అడిగి వ్రాసుకొన్నవారు మనవారిలో లేకపోయినారు.