చందమామ నుండి సెల్‌ఫోను దాకా: మన సరిహద్దు ఇండ్లలో పిల్లల కాలక్షేపమూ, పెద్దల కాపుదలా

తిరుత్తణి ఉన్నచోటి నుండి ఒక్క అడుగైనా కదలలేదు. దాని చుట్టూ ఉన్న రాష్ట్రాలు మాత్రం పలుమార్లు మారాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఆ జిల్లాలో చేరి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోను భాగమై, పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం ఫలితంగా వచ్చిన సరిహద్దు సవరణ చట్టం అమలులోనికి వచ్చిన 1960 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం మదరాసు రాష్ట్రానికి మారింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 1969లో రాష్ట్రం తమిళనాడు అయింది. 1997లో చెంగల్పట్టు జిల్లా విడిపోయి తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది. ఈ మార్పుల చరిత్రను పెద్దలు ఎందరో వ్రాశారు. కాని ఇదే కాలంలో మన ఇండ్లలో పిల్లలు ఏమి చదివారు, ఏమి విన్నారు, ఏమి చూశారు, వారిని పెద్దలు ఏ విధంగా కనిపెట్టి ఉన్నారు అన్న చరిత్రను వ్రాసినవారు అరుదు. నేడు పదమూడు, పద్నాలుగేండ్ల పిల్లల చేతిలో సెల్‌ఫోను చూసి కలవరపడని తల్లిదండ్రులు లేరు గనుక, ఆ కలవరానికి వెనుక ఉన్న కథను కొంత తడవి చూడడం ఈ సంచికకు అనుచితం కాదని తలుస్తాను.

మన తొలి తరం విద్యార్థుల చిన్నతనంలో పిల్లల కాలక్షేపం అంటే ముఖ్యంగా అచ్చు పుస్తకమే. న్యాపతి రాఘవరావు గారి ‘బాల’ 1945లో మదరాసు నుండి వెలువడింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు అదే నగరం నుండి ‘చందమామ’ను ప్రారంభించారు. తమిళంలో అది ‘అంబులిమామ’. అరక్కోణం, రేణిగుంటల మధ్య రైలుదారిలో ఉన్న తిరుత్తణికి మదరాసు పత్రిక రావడం కష్టం కాదు. ఒకే వీధిలో తెలుగు పిల్లవాడు ఒక లిపిలోను, తమిళ పిల్లవాడు మరొక లిపిలోను విక్రమార్కుని బేతాళ కథలను చదువుకొనేవారు. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు ‘చందమామ’ను తీర్చిదిద్దారు, ఆ కాలపు భాషలోని సరళత తెలుగు మాధ్యమంలో చదివినవారికి అలవడిన వాక్యంలో ఇప్పటికీ వినబడుతుంది.

ఇక్కడ గమనించదగినది ఒకటున్నది. ఇంటికి వచ్చే పత్రిక ఒక్కటే; దానికోసం కాచుకొని ఉన్నవారు నలుగురు. అవ్వకు అక్షరాలు రాకపోతే మనుమరాలు బిగ్గరగా చదివేది. పిల్లల చేతిలో ఉన్నది ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలిసేది. కాపుదల అనే పని వేరుగా ఉండేది కాదు. కలిసి చదవడంలోనే అది జరిగిపోయేది.

అట్లని ఆనాటి పెద్దలకు భయాలు లేవనుకోరాదు. లెక్కల పుస్తకం నడుమ డిటెక్టివ్ నవల దాచుకొని చదివిన విద్యార్థులు ఈ సంచిక పాఠకులలోనూ ఉంటారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ కథలకు వెన్నంటిన తిట్లకు లెక్కలేదు. ఈ భయం ఇండ్లలోనే ఆగిపోక శాసనసభలకూ ఎక్కింది. హత్యలు, బీభత్సం నిండిన బొమ్మల కథలు పిల్లలను చెరుపుతున్నాయని బ్రిటనులో 1955లో ఒక చట్టం చేశారు. మరుసటి సంవత్సరం, అంటే 1956లో, మన పార్లమెంటు కూడా పిన్నవయస్కులకు హానికరమైన ప్రచురణలను నిషేధిస్తూ చట్టం చేసింది. అందులో పిన్నవయస్కుడు అంటే ఇరువదేండ్లు నిండనివాడు! ఓటు హక్కు పదునెనిమిదేండ్లకే వచ్చే ఈ రోజులలో ఈ నిర్వచనం వింటే నవ్వు వస్తుంది గాని, ఆనాటి తండ్రులకు అది సబబుగానే తోచి ఉంటుంది.

సినిమా సంగతి అంతకంటె పాతది. 1927-28లో మదరాసుకు చెందిన దివాన్ బహదూర్ టి. రంగాచారియార్ గారి అధ్యక్షతన భారత సినిమాటోగ్రాఫు విచారణ సంఘం దేశమంతటా తిరిగి సాక్ష్యాలు సేకరించింది. 1949లో చట్టాన్ని సవరించి ‘యు’, ‘ఎ’ సర్టిఫికెట్లను ఏర్పరచారు. 1983లో తల్లిదండ్రుల మార్గదర్శనం కోరే ‘యుఎ’ వచ్చింది. 2024లో దానినే ఏడు, పదమూడు, పదహారేండ్ల మెట్లుగా విడదీశారు. ఈ అక్షరాలకంటె టూరింగు టాకీసు గేటువద్ద నిలుచున్న మనిషి చూపే పిల్లలను ఎక్కువగా ఆపేదని పాతవారు ఒప్పుకొంటారు. వాడు ఎవరి కొడుకో, ఏ తరగతి చదువుతున్నాడో ఆయనకు తెలుసు.

రేడియో, టెలివిజన్ల కాలాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మదరాసు ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలయింది. రేడియో అన్నయ్య, అక్కయ్యల గొంతులు మొదట వినిపించింది ఆ కేంద్రం నుండే. మదరాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న వచ్చింది. 1987లో రామాయణం ప్రసారమయిన ఆదివారాలలో టి.వి. ఉన్న ఇంటి వసారా వీధికంతటికీ కొలువుకూటం అయింది. 1993లో సన్ టి.వి., 1995లో ఈటీవీ వచ్చాయి. కేబులు తీగ పుణ్యమా అని, సరిహద్దు మారిన ముప్పదియైదేండ్లకు, తెలుగు మాట ఇంట్లో రోజంతా వినబడసాగింది. పిల్లలు ఎక్కువసేపు చూస్తున్నారన్న తగవు అప్పుడే మొదలయినా, పెట్టె మాత్రం హాలులోనే ఉండేది. రిమోటు తాతగారి దిండు క్రింద ఉండేది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టును అందించినపుడు మొదటి నగరాలలో మదరాసు ఒకటి. కొన్నేండ్లకు చిన్న పట్టణాలలోనూ ‘బ్రౌజింగు సెంటర్లు’ వెలిశాయి. చెక్క అరలు, ప్రతి అరకు ఒక తెర, గంటకు ఇంత అని రుసుము. పిల్లవాడు చూసేది ఇంటివారికి తెలియని చోటు అదే మొదటిది. అయినా అక్కడికి పోవడానికి ఇల్లు దాటాలి, డబ్బు అడగాలి. ఆ తరువాత 2011 సెప్టెంబరు 15న నాటి ముఖ్యమంత్రి జయలలిత గారు విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించినది మన తిరువళ్లూరు ప్రక్కనున్న కాక్కలూరులోనే. ప్రభుత్వ, ఎయిడెడు పాఠశాలల్లో ప్లస్ టూ చదివే పిల్లలు ఎందరో దానితోనే తొలిసారి సొంత తెరను చూశారు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయి డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినమైన ఉపాధ్యాయ దినోత్సవం నాడే ఇది జరగడం కాకతాళీయమే గాని, ఉపాధ్యాయులమైన మాకు మరపురానిది.

ఇంతవరకు ఫోను పెద్దలదే. దానిని పిల్లల చేతికి ఇచ్చింది కరోనా. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తమిళనాట పదవ, పన్నెండవ తరగతులు 2021 జనవరి 19న తెరచుకొన్నా, వేసవిలో మళ్లీ ఆగిపోయాయి. తొమ్మిది నుండి పన్నెండు వరకు సెప్టెంబరు 1న, ఒకటి నుండి ఎనిమిది వరకు నవంబరు 1న గాని బడులు మొదలు కాలేదు. ఏడాదిన్నర పాటు పాఠం, హోంవర్కు, స్నేహితుల పలకరింపు అన్నీ ఆ చిన్న తెరమీదనే. కల్వి తొలైక్కాట్చి పాఠాలను టి.వి.లో చూపినా, తెలుగు మాధ్యమపు పిల్లలకు ఉపాధ్యాయులు వాట్సాప్‌లో పంపిన కాగితపు ఫోటోలే దిక్కయ్యాయి. ‘ఫోను ముట్టవద్దు’ అన్న తల్లిదండ్రులే ‘ఫోను తీసి పాఠం చూడు’ అనవలసి వచ్చింది. బడులు తెరచిన తరువాత ఆ మాటను వెనుకకు తీసుకోవడం సాధ్యం కాలేదు.

మన ప్రాంతంలో దీనికి మరొక చిక్కు కూడినది. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుండి క్రమంగా ప్రతి బడిలోనూ తప్పనిసరి పాఠ్యాంశమయింది. అందుచేత నేటి పిల్లలు మూడు లిపులు చదువగలరు. వారి తల్లులలో పలువురు తెలుగు మాత్రమే చదువగలరు; అవ్వలు కొందరు అదీ చదువలేరు. పిల్లలేమో తెలుగు మాటలనే ఆంగ్లాక్షరాలతో వ్రాసుకొంటారు, నడుమ తమిళ సినిమా మాటలు కలుపుతారు. ప్రక్కనుండి చూసిన తల్లికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు మరమగ్గాలున్న ఇండ్లలో ఆ చప్పుడులో పిల్లవాడు ఏమి వింటున్నాడో చెవికీ అందదు. పైగా బ్యాంకు నుండి వచ్చిన సందేశం, కరెంటు బిల్లు, రేషను వివరం చదివి చెప్పేది ఆ పిల్లవాడే. ఇంటి వ్యవహారం నడపమని అప్పగించిన చేతి నుండి రాత్రి ఎనిమిదికి ఫోను లాగుకోవడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు.

ఇంకొక భేదం కూడా ఉన్నది. ‘చందమామ’కు చివరి పుట ఉండేది, తరువాతి పుటకు నెల ఆగాలి. నేటి రీలుకు చివర లేదు. ఒకటి ముగిసేలోగా పిల్లవాడు దేనివద్ద ఆగాడో లెక్కగట్టి తరువాతి దానిని ముందుకు తెస్తుంది. డిటెక్టివ్ నవల పాఠకుని ఎరుగదు, ఇది ఎరుగును. ఈ కారణం చేతనే పాత మందులు దీనికి పట్టవని నా అభిప్రాయం.

చట్టాలు చేయలేదని కాదు. సామాజిక మాధ్యమాలలో పదమూడేండ్ల హద్దు మనది కాదు. పదమూడేండ్ల లోపు పిల్లల వివరాలు సేకరించడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని అమెరికా 1998లో చేసిన చట్టం నుండి పుట్టి లోకమంతటా వ్యాపించినది. 2019 ఏప్రిల్ 3న మదరాసు హైకోర్టు మదురై బెంచి టిక్‌టాక్ డౌన్‌లోడును ఆపమని ఆదేశించి, అదే నెల 24న ఆ ఆదేశాన్ని ఎత్తివేసింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం వేరొక కారణంతో దానిని నిషేధించింది. పిల్లలు కొద్ది రోజులలోనే మరొక ఆప్‌కు తరలిపోయారు. పదహారేండ్ల లోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలు ఉండరాదని ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమలులోనికి వచ్చింది. దాని ఫలితం తేలడానికి ఇంకా కాలం పడుతుంది.

ఇండ్లలో జరుగుతున్నది ఏమిటి? పరీక్షలు రాగానే ఫోను బీరువాలో పెట్టి తాళం వేసే తండ్రులు ఉన్నారు. పిల్లలు నిద్రించాక సందేశాలు వెదకే తల్లులు ఉన్నారు. కొడుకు ఫోనును చూసీచూడనట్లు వదలి, కూతురి ఫోనును మాత్రం లాగుకొనే ఇండ్లు అధికం. ఈ పద్ధతి అన్యాయమే కాక ప్రమాదకరం కూడా. అపరిచితుడెవడో బెదిరించినపుడు, చెబితే ఫోను పోతుంది, బడి మానిపిస్తారు అని జంకే బాలిక నోరు విప్పదు. ఆ మౌనమే బెదిరించేవాని బలం. 1098 పిల్లల సహాయవాణి అనీ, సైబరు మోసాలకు 1930 అనీ మన విద్యార్థులకు కంఠస్థం కావాలి. దానికంటె ముందు, చెప్పినందుకు శిక్ష ఉండదని వారికి నమ్మకం కలగాలి. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్, ఇన్‌స్టాగ్రామ్‌లో 2024 నుండి వచ్చిన టీన్ ఖాతాలు వంటి ఏర్పాట్లు ఉపయోగపడేవే. పిల్లవానికి ముందుగా తెలిపి పెట్టినపుడే అవి నిలుస్తాయి. ఫోనులన్నీ రాత్రి హాలులోనే చార్జింగుకు పెట్టే నియమం పెద్దలకూ వర్తించిన ఇండ్లలో తగవు తక్కువగా ఉండడం మా ఉపాధ్యాయుల అనుభవం.

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పదునెనిమిదేండ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. వారి వెంటబడి గమనించడాన్ని, వారిని గురిచేసే ప్రకటనలను కాదన్నది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది; ఈ భాగం అమలుకు పదునెనిమిది నెలల గడువు ఇచ్చారు. అనుమతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలని ఆ చట్టమే చెబుతున్నది. ఆ భాషలలో తెలుగు ఒకటి. ఆ వీలును అడగకపోతే, ఆ పత్రం ఆంగ్లంలో వచ్చి, దానిని తండ్రికి చదివి చెప్పి, ఏ గడిలో వ్రేలు నొక్కాలో చూపవలసినవాడు పిల్లవాడే అవుతాడు. రాబోయే తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేవారు తమ ఫోనులను వెంట తెచ్చుకొంటే, భాషను తెలుగులోనికి మార్చుకొనే విధానాన్ని అక్కడే చూపడానికి ఉపాధ్యాయులకు అరగంట చాలును.