ఫ్రీజరులో మంచు, వంటింటి కత్తి

మద్రాసునుండి చిత్రపరిశ్రమ తరలివచ్చి స్థిరపడిన ఫిలింనగరు, జూబ్లీహిల్సు ప్రాంతములలో నేడు రిఫ్రిజిరేటరు లేని వంటిల్లు అరుదు. వానకాలమున గాలిలోని తేమ ఫ్రీజరు గోడలపై మంచై పేరుకొని, ఐసు ట్రేలను కదలనీయదు. అప్పుడు చేయి కత్తి మీదికి పోవును. విద్యార్థి దశలో నేనును ఆ పని చేసితిని. బుస్సుమను చప్పుడుతో మా పాత పెట్టె ఆయువు తీరినది. పోయినది పెట్టె మాత్రమే. అదియు ఆ కాలపు వాయువు చలువ.

ఫ్రీజరు గొట్టములలోని ద్రవము ఆవిరియగుచు లోపలి వేడిని గ్రహించును. ఏ ద్రవమన్నదే చిక్కు. తొలినాళ్ళలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాడిరి, మూడును విషములే. బెర్లినులో ఇట్టి వాయువు కారి ఒక కుటుంబము మరణించెనను వార్త చదివి, 1926లో ఐన్‌స్టీను, జిలార్డు కదలు భాగములే లేని పెట్టెను రూపొందింప బూనిరి. 1930లో అమెరికాలో పేటెంటు గూడ పొందిరి. ఈ సంగతి చెప్పినచో మా తరగతిలో సగము మంది నమ్మరు!

ఆ పెట్టె బజారుకెక్కలేదు. మిడ్జిలీ బృందము కనుగొనిన ఫ్రియాన్ 1930లో లోకమునకు తెలిసినది. అది మండదు, విషము గాదు. జూబ్లీహిల్సుకు ఉత్తరమున సనత్‌నగరులో ఆల్విన్ పెట్టెలు తయారైన దినములలో గృహములందు దానిదే రాజ్యము. కాని అది ఓజోను పొరను తినివేయునని తేలి, 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. 1992లో భారతదేశము అందు చేరినది. 1993లో జర్మనీలో ఐసోబ్యూటేను పెట్టెలు వెలువడినవి. నేటి కొత్త పెట్టెలలో పెక్కింట ఉన్నది ఇదియే. ఓజోనుకు హాని లేదు గాని, గాలిలో నూటికి 1.8 పాళ్ళున్నచో నిప్పురవ్వకు అంటుకొనును. కత్తిపోటునకు నేడు అర్థము మారినది.

మంచు దానంతట కరుగు పెట్టెలలో గొట్టములు వెనుక పలక చాటున నుండును. కొన్ని గంటలకొకసారి కంప్రెసరు ఆగి, చిన్న హీటరు వెలిగి మంచును కరిగించును. హీటరో, దాని థర్మోస్టాటో, టైమరో చెడినచో పలకపై మంచు కట్టి గాలి దారి మూయును. పైన మంచుగడ్డ, క్రింద విరిగిన పాలు. ఇది మెకానిక్కు పని. కూరల అర క్రింద నీరు నిలిచినచో కాలువ రంధ్రము పూడినదన్నమాట. తలుపు రబ్బరు నడుమ కాగితముంచి లాగినపుడు సులువుగా జారినచో తేమ అటనుండి వచ్చుచున్నది.

మంచు కరిగించుటకు ముందు ప్లగ్గు ఊడదీసి, తలుపు తెరచి, వేడినీటి గిన్నె లోపలనుంచి, నేలపై గుడ్డలు పరచవలెను. కత్తి, మంట, హీటరు వలదు. బుస్సుమను చప్పుడైనచో ఏ స్విచ్చిని తాకక కిటికీలు తెరచి అందరును బయటకు పోవలెను. ఐసోబ్యూటేను గాలికంటె బరువు. నేలబారున నిలుచును, వాసనతో పసిగట్టుట కష్టము. పెట్టె వెనుక చీటీపై ఆర్-600ఏ అని యున్నదేమో ముందే చూచుకొని, మెకానిక్కు రాగానే ఆ మాట చెప్పుడు.