ఇంజిన్‌కు కొత్త మెదడు

పందెం కారుకు పెద్ద టర్బో బిగిస్తే, కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ లెక్కలు దానికి సరిపోవు. బయటి కంప్యూటర్ కొనాలి. ఏది కొనాలో చరిత్రనే అడుగుదాం.

1958లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ కొద్ది కార్లకు బెండిక్స్ వారి ఎలక్ట్రోజెక్టర్ అమర్చింది. పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొలిచి చిమ్మే సాధనమది. ఆలోచన గొప్పదే. కాని ఆనాటి విడిభాగాలు బానెట్ కింద నిలవలేదు. ఆ కార్లలో చాలావాటికి మళ్ళీ కార్బురేటర్లే బిగించారు. పేటెంట్ హక్కులు జర్మనీలోని బాష్ సంస్థకు చేరాయి. విడిభాగాలు మెరుగయ్యాక, 1967లో అదే ఆలోచన ఫోక్స్‌వ్యాగన్ 1600లో డి-జెట్రానిక్ పేరుతో నిలదొక్కుకుంది. 1979లో మోట్రానిక్ వచ్చి పెట్రోలును, స్పార్కును ఒకే పెట్టె అదుపులోకి తెచ్చింది.

అయితే పెట్టెలోని లెక్కలు కంపెనీవే. వాటిని తామే రాసుకోవాలనుకునేవారికి 2001లో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు ఇంజనీర్లు మెగాస్క్వర్ట్ అందించారు. విడిభాగాలు తెచ్చుకుని, టంకం పెట్టి, ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు.

కనుక కొనేముందు మూడు సంగతులు చూడాలి. పెట్టె వేడికి, అదురుకు తట్టుకుంటుందా? మన ఇంజిన్ సెన్సర్లను చదవగలదా? ట్యూన్ చేసే మనిషి అందుబాటులో ఉన్నాడా? మూడోదే ముఖ్యం. పూర్తి వేగంలో పెట్రోలు పాలు తగ్గితే పిస్టన్ కరిగిపోతుంది. ఎవరికీ అర్థంకాని ఖరీదైన పెట్టె కంటే, మన మెకానిక్కు తెలిసిన మామూలు పెట్టే మేలు.