ఓడలో జరిగిన యన్నపరీక్ష

నౌకాదళమువారి శాస్త్రపరిశోధన మనగానే ఫిరంగులును, టార్పీడోలును, జలాంతర్గాములును మనకు స్ఫురించును. కాని యోడలలో జరిగిన పరీక్షలలో మనుష్యజాతికి మిక్కిలి మేలు చేసినవి కొన్ని వంటశాలకు సంబంధించినవి. తీరమును విడిచిన పిమ్మట నోడలోని వారందరును ఒకే కొట్టులోని సామగ్రితో వండినది తిందురు. కావున నాహారమునకును రోగమునకును గల సంబంధమును దెలిసికొనుట కంతకంటె దగిన తావు దొరకుట యరుదు.

1747వ సంవత్సరమున సాలిస్బరీ యను నాంగ్ల యుద్ధనౌకలో జేమ్సు లిండు అను వైద్యుడు స్కర్వీ రోగులను పండ్రెండుగురిని ఆరు జతలుగా విభజించి, యొక్కొక్క జతకు నొక్కొక్క యౌషధము నిచ్చి చూచెను. నారింజలును నిమ్మపండ్లును దిన్న జత యందరికంటె ముందు కోలుకొనెను. అయినను నౌకాధికారులు నిమ్మరసమును నియమముగ నిచ్చుట 1795వ సంవత్సరమువరకు జరుగలేదు.

ఇట్టిదే మరియొక పరీక్ష జపానులో జరిగెను. అది యన్నమునుగూర్చినది గావున మనకు మరింత దగ్గరిది. 1882వ సంవత్సరమున జపాను నౌకాదళమున నున్న 4,769 మందిలో 1,929 మందికి బెరిబెరి సోకెను. అనగా నైదుగురిలో నిద్దరికి. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, తుదకు గుండె యాగిపోవు రోగమది. లండను నగరమున వైద్యవిద్య నభ్యసించి వచ్చిన తకాకి కనెహిరో యను నౌకావైద్యుడు, ఇది యధికారులలో తక్కువగను సామాన్యనావికులలో నెక్కువగను నుండుట కనిపెట్టెను. నావికులు భోజనపుసొమ్ములో కొంత మిగుల్చుకొనుటకై కూరలను దగ్గించి తెల్లని యన్నముతోనే కడుపు నింపుకొనుచుండిరి.

ఆ సంవత్సరాంతమున ర్యూజో యను శిక్షణనౌక న్యూజీలాండు, దక్షిణామెరికా, హవాయి ద్వీపముల మార్గమున బయలుదేరెను. 376 మందిలో 169 మంది రోగగ్రస్తులైరి. 25 మంది మరణించిరి. తకాకి యంతటితో నూరకుండక, 1884వ సంవత్సరమున త్సుకుబా యను మరియొక యోడను ఆ మార్గముననే పంపునట్లు ప్రభుత్వము నొప్పించెను. మార్చిన దాహార మొక్కటియే. అన్నము తగ్గించి మాంసమును, రొట్టెను, కాయధాన్యములను హెచ్చించెను. 287 దినముల ప్రయాణమున నొక్కరును మరణింపలేదు. రోగము సోకినవా రిరువదిమందికి లోపే. వారును నూతనాహారమును సరిగా దిననివారని తేలెను. తరువాత బార్లీ కలిపిన యన్నము నియమింపబడెను. 1885వ సంవత్సరమున దళమంతటిలో రోగులు 41 మంది మాత్రమే.

అయితే తకాకి చెప్పిన కారణము తప్పు. ఆహారమున మాంసకృత్తులు చాలకపోవుటయే రోగహేతువని యాయన నమ్మెను. సైన్యవైద్యులలో ప్రముఖులు జర్మనీ శాస్త్రమును జదివినవారగుటచే, హేతువు నిరూపింపబడలేదనియు రోగము సూక్ష్మజీవులవలన గలుగుననియు వాదించి, తెల్లని యన్నమునే విడువరైరి. తత్ఫలితముగ 1904-05 సంవత్సరముల రష్యా యుద్ధమున జపాను పదాతిసైన్యమున సుమారు 2,50,000 మందికి బెరిబెరి సోకి, 27,000 మంది మరణించిరి. నౌకాదళమున నా రోగము మిక్కిలి స్వల్పము. హేతువు దెలియువరకు ఫలమును అంగీకరింపమనుట యెంతటి యనర్థమునకు మూలమో యీ సంఖ్యలే చెప్పుచున్నవి.

నిజమైన హేతువు క్రమముగ బయలుపడెను. జావాలో ఎయిక్మను అను డచ్చి వైద్యుడు పాలిషుపట్టిన బియ్యము దిన్న కోళ్లకు వచ్చిన వ్యాధి, తవుడుతో నయమగుటను 1897వ సంవత్సరమున బ్రకటించెను. తవుటిలోని యా పదార్థమే థయమిను, అనగా బి-1 విటమిను. దానిని 1936వ సంవత్సరమున రసాయనశాలలో నిర్మించిన రాబర్టు విలియమ్సు 1886వ సంవత్సరమున మన నెల్లూరులో జన్మించినవా డనుట తెలుగువారికి సంతోషకరము.

ఈ కథ మనకు పరాయిది కాదు. ఉత్తర సర్కారులలో బెరిబెరి పూర్వము ఉండెడిది. మద్రాసులో 1835వ సంవత్సరమున మాల్కంసను అను వైద్యుడు దీనిపై గ్రంథమునే ప్రకటించెను. ఉప్పుడుబియ్యమున థయమిను చాలవరకు నిలుచును. పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టించి, పలుమారులు కడిగి, గంజి వార్చి పారబోసినచో నందలి బలము చాలవరకు పోవును. అయినను మల్లెపూవువంటి యన్నము వడ్డించుటయే మర్యాదయని మన యిండ్ల నింకను దలచుచున్నాము. త్సుకుబా నావికులకును కొత్త భోజనము మొదట రుచింపలేదు. కాని తిన్నవారు బ్రతికి యింటికి వచ్చిరి. ఆ యోడలో జరిగినట్టి పరీక్షను మన వంటయిండ్లలో నొక నెల జరిపి చూడుడని గృహిణులను, గృహస్థులను మేము కోరుచున్నాము.